అట్టకు అటువైపు

ఆ వేసవిలో నేను నా చెల్లెలి మీద పగ తీర్చుకున్నాను. సొంత చెల్లెలి మీద పగేమిటని బుగ్గలు నొక్కుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళు ఇంకా సొంతవాళ్ళ చేతిలో దెబ్బ తినలేదని అర్థం. పరాయివాళ్ళ మీద కోపం వస్తుంది, పోతుంది. పగ పట్టాలంటే మాత్రం ఒకే కంచంలో తిని, ఒకే దుప్పట్లో ముడుచుకుని పెరిగి ఉండాలి.

మాది రెండంతస్తుల అద్దె ఇల్లు. కింద నేనూ అమ్మా. పైన చెల్లెలు, మరిది, వాళ్ళ కూతురు. ఆ పిల్లను అందరం గువ్వ అని పిలుస్తాం. ఎనిమిదేళ్ళు నిండాయి, మాటలు లేవు. నా ఉద్యోగమేమో స్పీచ్ థెరపిస్టు. మాటలు రాని పిల్లలకు మాటలు రప్పించడం. "వైద్యుడి ఇంట్లోనే రోగం అంటే ఇదే వదినగారూ," అని మరిది ఒకసారి నవ్వుతూ అన్నాడు. నవ్వుతూ అన్న మాటలే నాకు ఎక్కువ కాలం గుర్తుంటాయి.

మాటలు నేర్పడమంటే పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని వల్లె వేయించడం అనుకుంటారు చాలామంది. నిజానికి నా పనిలో సగం ఊరికే కూర్చోవడమే. లోపలిది పైకి కనపడే డబ్బాలో పిల్లకు ఇష్టమైన బొమ్మ వేసి, మూత గట్టిగా బిగించి, ఎదురుగా పెట్టి, నోరు మూసుకుని చూస్తూ ఉంటాను. పిల్ల డబ్బా వంక చూస్తుంది, నా వంక చూస్తుంది, ఏడుస్తుంది, డబ్బా విసిరికొడుతుంది. నేను కదలను. ఎప్పటికో ఒక కూతో ఒక చూపో నా వైపు వస్తుంది. అప్పుడు మూత తీస్తాను. కన్నతల్లులు చేయలేని పని ఇది. పిల్ల ముఖం చిట్లించకముందే వాళ్ళు మూత తీసేస్తారు.

గువ్వతో అలా ఏళ్ళ తరబడి కూర్చుంటే దక్కింది రెండే. బుడగలు ఊదాలంటే పెదవులు బిగించి "మ్" అంటుంది. ఆట చాలనిపిస్తే అడ్డగీత గీసిన, పేకముక్కలాంటి బొమ్మముక్క తీసి నా చేతిలో పెడుతుంది. నాకది కొండంత. చెల్లెలికి ఆవగింజంత.

బడి సెలవులు ఇచ్చిన కొత్తలో మరిది ఎవరో చెప్పారని తల్లీకూతుళ్ళను ఒక శిక్షణ తరగతికి తీసుకెళ్ళాడు. అక్కడి మాస్టారు చెప్పేదేమిటంటే, ఈ పిల్లల లోపల మాటలన్నీ ఉన్నాయట, చెయ్యి స్వాధీనంలో లేక బయటపెట్టలేకపోతున్నారట, పెద్దవాళ్ళు మణికట్టు కింద కాస్త ఆసరా ఇస్తే అక్షరాల అట్ట మీద వేలు పెట్టి వాళ్ళే చెబుతారట. ఆయన్ని చూడకముందే నేను అభయహస్తం అని పేరు పెట్టేశాను. చూశాక కూడా మార్చాలనిపించలేదు. మెత్తని గొంతు, అంతకన్నా మెత్తని అరచేతులు.

వచ్చిన సాయంత్రమే మమ్మల్ని పైకి పిలిచారు. వంటింటి బల్ల మీద అక్షరాలూ గుణింతపు గుర్తులూ రాసిన పెద్ద అట్ట పరిచి ఉంది. చెల్లెలు గువ్వ పక్కన కూర్చుని మణికట్టు పట్టుకుంది. గువ్వ చూపుడువేలు ఒక్కో అక్షరం మీదికీ వెళ్ళి ఆగింది. చెల్లెలు పైకి చదివింది.

"అమ్మా. నాకు అన్నీ తెలుసు. నీ తప్పు కాదు."

అమ్మ కుర్చీలో కూలబడి ఏడ్చింది. మరిది గోడవైపు తిరిగాడు. నాకు వేళ్ళు చూడ్డం అలవాటు లేదు, కళ్ళు చూడ్డం అలవాటు. గువ్వ కళ్ళు పైన తిరుగుతున్న ఫ్యాను మీద ఉన్నాయి. వేలు అక్షరాల మీద నడుస్తున్నంతసేపూ ఆ పిల్ల ఒక్కసారి కూడా అట్ట వంక చూడలేదు.

"అది అట్ట చూడ్డం లేదే," అన్నాను.

"ఓరకంట చూస్తారట. మాస్టారు ముందే చెప్పారు."

"నువ్వు ఫ్యాను చూస్తూ రాయి చూద్దాం."

"ఇన్నేళ్ళు నువ్వు చేయలేంది నేను వారంలో చేశాను. అదే కదక్కా నీ బాధ."

"ఒక్కసారి చెయ్యి వదిలిపెట్టి చూడు. అంతే అడుగుతున్నా."

"వదిలితే రాయదు. నా చెయ్యి ఉంటేనే దానికి ధైర్యం."

"ఇప్పుడెందుకే ఆ తగువు," అంది అమ్మ ముక్కు చీదుకుంటూ. "పిల్ల మాట్లాడింది. ఇంతకంటే ఏం కావాలి నీకు?"

నేను కిందికి వచ్చేశాను. ఆ తర్వాత పైన ప్రతి సాయంత్రం సభ నడిచేది. గువ్వకు పసుపు గౌను ఇష్టమని తెలిసింది. నాన్న కష్టం చూసి మనసు కరిగిపోతోందని తెలిసింది. నిన్నటిదాకా బుడగల కోసం మూలిగిన పిల్ల "జీవితం ఒక పాఠం" అని రాసింది. అమ్మ తన మోకాళ్ళకు ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అని గువ్వనే అడిగింది. వద్దని వచ్చింది. మా చెల్లెలికి చిన్నప్పటి నుంచీ ఆపరేషన్లంటే భయం.

నేను పనిచేసే సెంటర్‌కు గువ్వ ఆ సెలవుల్లోనూ వచ్చేది. చెల్లెలు అట్ట చంకన పెట్టుకుని నా గది దాకా వచ్చేది. "ఇది బయటే," అనేదాన్ని. ఆమె గుమ్మం పక్కన కుర్చీలో కూర్చునేది, అట్ట ఒళ్ళో పెట్టుకుని. తలుపు అద్దంలోంచి మమ్మల్ని చూస్తూ ఉండేది.

ఒక ఉదయం సెంటర్ నడిపే మేడమ్ తన గదికి పిలిచింది. ఎప్పుడూ నిలబెట్టే మాట్లాడే మనిషి ఆ రోజు కూర్చోమంది.

"నిన్న మీ చెల్లెలూ ఆమె భర్తా వచ్చారు," అంది. "పాప ఏదో రాసిందట."

"ఏం రాసిందట?"

"మీరు గిల్లుతారని. గది తలుపేసి లైటు ఆర్పేస్తారని."

"పాప రాయలేదండి."

"గదిలో లైటు ఆర్పుతారా ఆర్పరా?"

ఆర్పుతాను. గోడ మీద టార్చి వెలుగు పరిగెత్తించే ఆట ఒకటి ఉంది. గువ్వకు ప్రాణం. చీకటి చేసి నేను ఆగుతాను, అది "మ్" అనగానే టార్చి వేస్తాను. తలుపు అద్దంలోంచి చూసేవాళ్ళకు చీకటే కనిపిస్తుంది.

"అది ఆట," అన్నాను.

"ఆటే కావచ్చు. విచారణ అయ్యేదాకా మీరు రావద్దు. ఇంతమంది తల్లిదండ్రులు, నిప్పు లేనిదే పొగ రాదంటారు. నా పరిస్థితీ అర్థం చేసుకోండి."

నా సంచీ తీసుకుని వసారాలోంచి నడుస్తుంటే ఒకావిడ తన కూతుర్ని గబుక్కున తన వెనక్కి లాక్కుంది. ఆ పిల్ల మొట్టమొదటిసారి "అమ్మ" అన్నది నా బల్ల దగ్గరే. ఆ రోజు ఈవిడే నా రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. ఇప్పుడు నా చేతుల వంకే చూస్తోంది, గోళ్ళు ఎంత పొడుగున్నాయో అన్నట్టు.

ఇంటికొస్తే చెల్లెలు మెట్ల మీద ఉంది, ఆరిన బట్టలు మోసుకుంటూ.

"నేను గిల్లానా దాన్ని?" అన్నాను.

"నాకేం తెలుసక్కా. అది చెప్పింది."

"నువ్వు నమ్మావు."

"నా కూతురు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన బాధ చెప్పుకుంటే నమ్మొద్దా? పిల్లలు చెప్పేది వినాలని నువ్వే అంటావుగా అందరికీ."

"దానికి నోరెక్కడిది? అది నీ నోరు."

చెల్లెలు నా వంక జాలిగా చూసింది. కోపంగా చూసినా బాగుండేది. పైకెళ్ళి తలుపు వేసుకుంది.

ఆమెకు తెలియదని నాకు తెలుసు. ఇలా చెయ్యి పట్టుకునేవాళ్ళకు తామే తోస్తున్నామని తెలియదు. ఆ చెయ్యీ నిజాయితీగానే ఉంటుంది, మనసూ నిజాయితీగానే ఉంటుంది. మా చదువులో ఇదంతా ఉంది. కానీ తెలిసి పోసినా తెలియక పోసినా వేడినీళ్ళు వేడినీళ్ళే. పైగా ప్రపంచంలో ఇన్ని మాటలుండగా ఆ చేతికి తోచిన మాట అదీ. ఎన్నాళ్ళ నుంచి మరుగుతోందో లోపల. గువ్వ నా గదిలోకి పరిగెత్తుకొచ్చే ప్రతిసారీ గుమ్మం బయట కుర్చీలో కూర్చున్నది ఆమె కదా.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకే," అంది అమ్మ. "వెళ్ళి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోండి. రెండు కళ్ళల్లో ఏది పొడుచుకోమంటారు నన్ను?"

నాకు గొడ్డలే కావాలి. గోటిని గురించేగా అసలు నింద.

ఎండలు ముదిరాయి. నేను ఇంట్లో కూర్చున్నాను. ఎదురుచూడ్డం నాకు జీతమిచ్చి నేర్పిన విద్య. పైనుంచి చెల్లెలు అట్ట చదివే గొంతు వినిపించేది. గువ్వ నడిచే చప్పుడు వినిపించేది. మునివేళ్ళ మీద నడుస్తుంది అది. ఒకటి రెండుసార్లు మెట్లు దిగి మా గుమ్మం దాకా వచ్చింది. చెల్లెలు పరిగెత్తుకొచ్చి ఎత్తుకుపోయింది. మూసిన తలుపు వెనక నేను పళ్ళు బిగించి నిలబడ్డాను. ఆ పిల్లను నా నుంచి దాస్తున్నారు. పులి నుంచి దాచినట్టు.

విచారణకు వారం ఉందనగా నేను పైకెళ్ళి చెల్లెలి కాళ్ళబేరానికి వచ్చాను.

"ఏమో, ఆ టార్చి ఆటలో గట్టిగా పట్టుకున్నానేమో," అన్నాను తలొంచుకుని. "పిల్లకు నొప్పి తెలిసి ఉంటుంది. నేనే గమనించుకోలేదేమో."

చెల్లెలి ముఖం విప్పారింది. నన్ను గట్టిగా వాటేసుకుంది. "నేనూ అదే అనుకున్నానక్కా. నువ్వు కావాలని చేస్తావా? దానికొక్క మాట చెప్పు, చాలు."

గువ్వ ముందు కూర్చుని సారీ చెప్పాను. చెల్లెలు మణికట్టు పట్టుకుంది. వేలు నడిచింది.

"పెద్దమ్మా. నిన్ను క్షమించాను."

చేయని తప్పుకు, ఫిర్యాదే చెయ్యని పిల్ల తరఫున, నన్ను నా చెల్లెలు క్షమించింది. క్షమిస్తుంటే ఆమె కళ్ళు తడిశాయి కూడా. గువ్వ నా చెవిపోగు పట్టుకుని ఆడుకుంటోంది. అప్పటిదాకా నేను చేయబోయేది సబబేనా అని నాకు కాస్తో కూస్తో సందేహం ఉండేది. ఆ క్షమతో అది కూడా పోయింది.

"విచారణలో దాన్నే చెప్పనిద్దాం," అన్నాను. "కానీ కొత్త మనుషులు కదా. ముందు చిన్న చిన్న బొమ్మలకు పేర్లు చెప్పిస్తే వాళ్ళకు గురి కుదురుతుంది. దాని చూపు చెదరకుండా మధ్యలో ఒక అట్ట నిలబెడతాను. నీ వైపూ బొమ్మ పెడతాలే, నువ్వూ చూసుకుంటూ ఉండొచ్చు."

"నువ్వు ఎలా అంటే అలా," అంది. మరిది కూడా మెచ్చుకున్నాడు. "మీరు ఇలా ముందుకొచ్చారంటే మీ పెద్దరికం వదినగారూ."

భోజనాల బల్ల మీద అట్ట కోశాను. కూర్చున్నవాళ్ళ తల దాటేంత ఎత్తు, అడుగున చేతులు పట్టేంత సందు. అటొక బొమ్మ ఇటొక బొమ్మ గుచ్చడానికి గాట్లు పెట్టాను. బొమ్మముక్కలు జతలు జతలుగా పేర్చుకుంటుంటే అమ్మ వెనక వచ్చి నిలబడింది.

"రెండు బంతులు, రెండు గొడుగులు బాగానే ఉన్నాయి," అంది. "ఇక్కడి నుంచి రెండూ వేరే వేరే పెడుతున్నావేం?"

"అంతే."

అమ్మ ఒక్కొక్క జతా చూసుకుంటూ చివరిదాకా వచ్చింది. చివరి జతలో ఒకటి సబ్బు. రెండోది బిడ్డను ఎత్తుకున్న ఒక ఆడమనిషి. అమ్మ చాలాసేపు ఆ రెండింటి వంకా చూసింది. అక్షరం ముక్క రాని మనిషి, అయినా నేనేం చేయబోతున్నానో ఆవిడకు అర్థమైంది.

"మిగతావి ఏమన్నా చేసుకో. ఈ ఆఖరుది తీసెయ్యవే."

నేను తియ్యలేదు.

విచారణ సెంటర్‌లో పిల్లలు ఆడుకునే పెద్దగదిలో జరిగింది. పెద్ద కుర్చీలు చాలక బయటి నుంచి వచ్చిన పిల్లల డాక్టరు బుల్లి కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన మేడమ్, ఆ పక్కన మరిది, చివర అభయహస్తం. వాళ్ళకు ఎదురుగా బల్ల దగ్గర చెల్లెలూ గువ్వా పక్కపక్కన. అక్షరాల అట్ట ఇద్దరికీ కనపడేట్టు ముందు పరిచి, వాళ్ళిద్దరి మధ్యలో నా అట్ట నిలబెట్టాను. నేను వాళ్ళిద్దరి వెనక నిలబడి, ప్రతిసారీ రెండు బొమ్మలూ వాళ్ళ తలల పైనుంచి ఎదుటివాళ్ళకు చూపించి, తర్వాత అట్టకు అటొకటి ఇటొకటి గుచ్చుతాను. తన వైపు బొమ్మ తప్ప చెల్లెలికి రెండోది కనపడదు.

మొదట రెండు వైపులా బంతి. వేలు నడిచింది. "బంతి," అని చదివింది చెల్లెలు. డాక్టరు కనుబొమలు లేచాయి. తర్వాత రెండు వైపులా గొడుగు. "గొడుగు." అభయహస్తం అందరి ముఖాలూ ఒకసారి పరికించి చూశాడు, పెళ్ళికొడుకు తండ్రిలా. మరిది కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

గువ్వ వైపు చెంచా పెట్టాను. చెల్లెలి వైపు తాళంచెవి.

"తాళంచెవి," అని చదివింది చెల్లెలు.

మేడమ్ ముందుకు వంగింది. అభయహస్తం సగం లేచాడు. "ఒక్క నిమిషమండీ, ఇది పద్ధతి కాదు..."

"మీరు కూర్చోండి," అంది మేడమ్.

చెల్లెలు కంగారుగా తల తిప్పి నన్ను చూసింది. "ఏమైందక్కా? తప్పు రాసిందా?"

"లేదు. సరిగ్గానే రాసింది," అన్నాను.

గువ్వ వైపు పిల్లి. చెల్లెలి వైపు పడవ. వేలు నింపాదిగా నడిచి పడవ అని రాసింది. గువ్వ కిటికీ అవతల ఎవరో తోసుకుపోతున్న సైకిలు చూస్తోంది. మరిది నేల చూస్తున్నాడు. డాక్టరు మేడమ్ చెవిలో ఏదో అన్నాడు, తర్వాత పైకే అన్నాడు. "చాలనుకుంటానండీ. మాకు అర్థమైంది."

అక్కడితో ఆపొచ్చు. నా పేరు నాకు తిరిగొచ్చింది, నా గది నాకు తిరిగొచ్చింది. గదిలో చెల్లెలికి తప్ప అందరికీ అర్థమైంది.

"ఇంకొక్కటే ఉంది," అన్నాను.

సబ్బు గువ్వ వైపు గుచ్చాను. చెల్లెలు తన వైపు బొమ్మ చూసి చిన్నగా నవ్వుకుంది. ఆ నవ్వు నాకు వెనక నుంచి చెవి దగ్గరి బుగ్గలో కనిపించింది. మణికట్టు పట్టుకుంది. ఈసారి వేలు తడుముకోలేదు, ఒక్క ఊపున వెళ్ళింది.

"అమ్మ," అని చదివింది చెల్లెలు. "చూశారా, ఎంత గబగబా రాసిందో."

ఆమె మేడమ్‌ను చూసింది, డాక్టరును చూసింది, మొగుణ్ణి చూసింది. అతను తలెత్తలేదు. అప్పుడు చెల్లెలు గువ్వ చెయ్యి నెమ్మదిగా బల్ల మీద పెట్టి, లేచి, అట్ట మీదుగా వంగి అటువైపు చూసింది.

"ఇటువైపు సబ్బు ఉంది," అంది.

ఆ ముక్క బయటికి లాగి కాసేపు చేతిలో పట్టుకుంది. తర్వాత బోర్లా పెట్టింది. గువ్వను లేవదీసుకుని, చెప్పులు తొడిగి, బయటికి నడిచింది. అనుమానం ఉన్నచోట పిల్లల చెయ్యి పనిచెయ్యదని అభయహస్తం ఎవరికో చెబుతున్నాడు. వినేవాళ్ళు లేక టీ రాకముందే వెళ్ళిపోయాడు. మేడమ్ అందరి ముందూ నాకు క్షమాపణ చెప్పింది. ఆ రోజు నేను కడుపు నిండా తిన్నాను. ఎవరేమనుకున్నా సరే, తృప్తిగా తిన్నాను.

పైన సాయంత్రాలు మూగబోయాయి. మరిది ఆఫీసు నుంచి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. అమ్మ నాకు అన్నం పెట్టేది గానీ మాట పెట్టేది కాదు. మోకాళ్ళ ఆపరేషన్ ఊసు మళ్ళీ ఎత్తలేదు, ఎవర్ని అడగాలో తెలియనట్టు.

తర్వాత ఒక పొద్దున చెల్లెలు కిందికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు," అంది. "మొదటిరోజు రాసింది కదా. నీ తప్పు కాదు అని. అది కూడా నేనేనా?"

తెలియదని చెప్పొచ్చు. అమ్మ స్టవ్ దగ్గర నుంచి నా వంక చూస్తోంది, చెప్పొద్దు అన్నట్టు.

"నువ్వే," అన్నాను. "పెద్దమ్మ గిల్లిందన్నదీ నువ్వే. అది నాది, ఇది దానిదని పంచుకోడానికి కుదరదు."

"నాకు తెలీదక్కా. ఒట్టు."

"తెలుసు."

"నాకు తెలీదని నీకు తెలుసా?"

"మొదటి నుంచీ తెలుసు."

"మరైతే ఆ ఆఖరి బొమ్మ ఎందుకు పెట్టావు?"

నేను సంచీ తీసుకుని పనికి బయల్దేరాను. ఆమె పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

సెలవుల చివర్లో, బళ్ళు తెరుస్తారనగా, మరిది పేరున వచ్చిన పార్శిల్ ఒకటి మా కింది వాటాలో ఇచ్చిపోయారు. నువ్వే పట్టుకెళ్ళమంది అమ్మ. పైకెళ్ళాను. తలుపు తెరిచే ఉంది. చెల్లెలు గిన్నెలు తోముతోంది. అక్షరాల అట్ట బల్ల మీద లేదు, అల్మారా మీద కూడా లేదు. గువ్వ మాత్రం బల్ల దగ్గర తన కుర్చీలో కూర్చుంది. సభ జరిగే వేళ అది.

నేను చూస్తుండగా గువ్వ కుర్చీ దిగి వెళ్ళి తల్లి చెయ్యి పట్టుకుంది. నురగ కారుతున్న ఆ చేతిని లాక్కొచ్చి, తను కూర్చుని, తన మణికట్టు మీద పెట్టుకుంది. చెల్లెలు చెయ్యి తీసేసింది. గువ్వ మళ్ళీ అందుకుని పెట్టుకుంది. చెల్లెలు మళ్ళీ తీసేసి తొట్టి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఎవరూ చెప్పకుండా, ఎవరూ తోయకుండా, ఒక పిల్ల తనకు కావలసినదాన్ని వెతుక్కుని వెళ్ళి అడగడం. దీనికోసం నేను ఆ పిల్ల ఎదురుగా ఏళ్ళు కూర్చున్నాను.

"పట్టుకోవే," అన్నాను గుమ్మంలోంచి. "అది అడుగుతోంది నిన్ను."

చెల్లెలు వెనక్కి తిరగలేదు. "ఏం అడుగుతోందట?"

"చెయ్యి పట్టుకోమని."

"నీకెలా తెలుసు?"

"తెలుస్తుంది. నా పనే అది."

"నాకూ అలాగే తెలిసేదక్కా." నీళ్ళు కట్టేసింది. "పరీక్ష పెట్టావా?"

పార్శిల్ కింద పెట్టి గువ్వ పక్క కుర్చీలో కూర్చున్నాను. చాచి ఉన్న ఆ చెయ్యి చూడలేక మణికట్టు పట్టుకోబోయాను. గువ్వ నా చెయ్యి తోసేసింది. చెల్లెలి వైపే చూస్తోంది.

ఒక్కసారి చేస్తే మా పనిలో అది లెక్కలోకి రాదు. మళ్ళీ పట్టుకోబోయాను. మళ్ళీ తోసేసింది, ఈసారి గోరు గీసుకునేంత గట్టిగా.

"ఇటొచ్చి నిలబడు," అన్నాను చెల్లెలితో. "బల్లకు అటువైపు. దాన్ని పిలవకు. చెయ్యి చాపకు."

వచ్చి నిలబడింది, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని. నేను గువ్వకు దగ్గరగా, అందేట్టు అరచెయ్యి తెరిచి పెట్టాను. గువ్వ దాని వంక చూసింది. కుర్చీ దిగి, నన్ను దాటుకుని, బల్ల చుట్టూ మునివేళ్ళ మీద నడిచి వెళ్ళి, తల్లి వీపు వెనక దాగి ఉన్న చెయ్యి వెతికి పట్టుకుని ముందుకు లాగింది. దాని కింద తన మణికట్టు పెట్టింది.

చెల్లెలు ఆ చెయ్యి అలాగే ఉంచింది. పట్టుకోలేదు, తియ్యలేదు. నా వంక చూసింది.

"ఇప్పుడు నేను పట్టుకోలేదు కదా," అంది.

"లేదు."

"నువ్వూ పట్టుకోలేదు."

"నన్ను పట్టుకోనివ్వలేదు," అన్నాను.

చెల్లెలు గువ్వ మణికట్టు చుట్టూ వేళ్ళు మూసింది.

"పట్టుకోనివ్వలేదని ఇంకోసారి చెప్పు," అంది.

చెప్పాను.